ఇంకొకరికి పడిన కనకాంబరాల దండ

మా అరకు మసీదు చిన్నది. ఆడవాళ్ళకు పక్కనే ఒక రేకుల గది, దాని వెనక వంటకు ఒక పాక, అంతే. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చినవాళ్ళందరికీ పులావు పెడతాం. వంట మా అత్తగారిది. కొత్తవాళ్ళకు స్వాగతం చెప్పే పని నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. నేనుంటే మైకు అక్కర్లేదని మా ఆయన అంటూ ఉంటారు.

ఆ గురువారం ఇమామ్ గారు నన్ను పిలిచి, "రేపు ఒక అమ్మాయి వస్తుందమ్మా. పార్వతీపురం పిల్ల, ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఇస్లాంలోకి వచ్చి ఏడాది కాలేదు. ఇప్పటికే రెండు ఊళ్ళలో మసీదుకు వెళ్ళి మానేసిందట. ఇక్కడా కుదరకపోతే ఇక గదిలో ఒక్కతే నమాజు చేసుకుంటానంటోంది" అన్నారు.

"నాకొదిలేయండి" అన్నాను. ఆ అమ్మాయి ఇక ఎలా మానేస్తుందో చూద్దామని అప్పుడే నడుం బిగించాను.

మర్నాడు పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళను పోగేశాను. కనకాంబరాల దండ, ఖర్జూరాల పళ్ళెం, అత్తరు సీసా సిద్ధం. పదకొండవుతుండగా మంచులాంటి తుంపరలో ఒక అమ్మాయి, తలచుట్టూ చున్నీ కప్పుకుని, గుమ్మం దగ్గర ఆగి అటూ ఇటూ చూసింది. అంతే, ఐదుగురం మీద పడిపోయాం. సలాం చెప్పి కావలించుకున్నాను. దండ వేశాను. ఒకావిడ నోట్లో ఖర్జూరం పెట్టింది, ఒకావిడ అత్తరు పూసింది, ఇంకొకావిడ ఏకంగా ఏడ్చేసింది. ఆ పిల్ల "అదేనండీ..." అనబోతే, "నువ్వేం చెప్పక్కర్లేదు చెల్లీ, మాకంతా తెలుసు" అన్నాను. నిలబడ్డచోట నిలబడలేక కదులుతోంటే బెరుకనుకున్నాను. వెనక పాకలో అత్తగారు ఎవరినో కేకలేస్తున్నారు. అది రోజూ ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు.

"పద, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ఎలా కడుక్కోవాలో చూపిస్తాను" అని కుళాయి దగ్గరకు చెయ్యి పట్టి లాక్కెళ్ళాను.

"అవన్నీ తర్వాతండీ, ముందు బాత్రూం ఎక్కడో చెప్పండి. అదడగడానికే లోపలికొచ్చాను" అందా అమ్మాయి. వాళ్ళది విజయనగరమట. భార్యాభర్తలిద్దరూ రైల్లో అరకు చూడ్డానికొచ్చారట.

నా తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి మాత్రం మెడలో దండతోనే వెళ్ళి, దండతోనే తిరిగొచ్చి, "మీ ఊళ్ళో బాత్రూం అడిగినవాళ్ళందరికీ ఇంత మర్యాద చేస్తారా?" అంది. ఏడ్చినావిడే అందరికన్నా ముందు పకపకా నవ్వింది. గోడలు పట్టుకుని నవ్వాం.

నవ్వు తగ్గాక గుర్తొచ్చింది. "మరి మా నర్సేదీ?" అని పైకే అనేశాను.

"నానే అక్కా" అని పాకలోంచి వినబడింది. వెళ్ళి చూస్తే కత్తిపీట ముందు ఒక అమ్మాయి, పక్కన ఉల్లిపాయల గుట్ట, కళ్ళనిండా నీళ్ళు. ఆసుపత్రి వైపు నుంచి వస్తే వెనక దారే దగ్గర. సాయానికి మనిషిని పంపమని అత్తగారు పక్కింట్లో చెప్పి ఉన్నారు. ఈ పిల్ల అడుగు పెట్టగానే ఆ మనిషే అనుకుని కూర్చోబెట్టేశారు. లావుగా కోసిందని రెండుసార్లు తిట్టారు కూడా.

"అత్తమ్మా, ఎంత పని చేశారు" అన్నాను.

"నాకేటి తెలుసు. సేతులు ఖాళీగున్నాయి, పని సెప్పాను."

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. మూడో మసీదు కూడా పోయినట్టే, అదీ మా ఇంటి మనిషి వల్ల. విజయనగరం అమ్మాయి గబగబా దండ తీసి ఆమె మెడలో వేయబోయింది. నర్సు వెనక్కి జరిగింది.

"ఒద్దక్కా. మొదటి ఊళ్ళో దండేసి కుర్సీలో కూసోబెట్టారు. అందరూ సుట్టూ నిలబడి సూసారు. రెండో ఊళ్ళో ఎందుకు మారావు, మీ అమ్మ ఏటందని వారం వారం అడిగేవోరు. మంచోళ్ళే, పేమగానే అడిగేవోరు. కానీ ఎన్నాళ్ళయినా నాను సుట్టాన్నే. ఈయేల ఎవులూ ఏటీ అడగలేదు. ఈ పెద్దమ్మ తిట్టింది. మాయమ్మ సేత తిట్లు తిని సానా నాళ్ళయిందక్కా."

కళ్ళు తుడుచుకుంటోంది. అవి ఇప్పుడు ఉల్లిపాయల నీళ్ళు కావని నాకూ తెలిసింది. మైకు అక్కర్లేని నేను స్వాగతం మాటలన్నీ మానేసి, ఆమె పక్కన కూర్చుని ఒక ఉల్లిపాయ అందుకున్నాను. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే చెప్పలేనంత సంతోషం వేసింది.

నమాజయ్యింది. విజయనగరం దంపతులు కూడా కడుపునిండా పులావు తిని వెళ్ళారు. గిన్నెలు సర్దాక నర్సు నా దగ్గరకు రాలేదు, తిన్నగా అత్తగారి దగ్గరకెళ్ళి, "పెద్దమ్మా, వచ్చే శుక్రవారం ఎన్నింటికి రమ్మంటావు?" అని అడిగింది.

అత్తగారు తలెత్తకుండానే అన్నారు. "ఇంటిమనిసివి, నన్నడుగుతావేటి?"