కమ్మరి సామ్యేల్, పైపులో ఇరుక్కున్న మేకపోతు

మా గని వర్క్‌షాపులో కమ్మరి సామ్యేల్‌కు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు. పనిముట్ల పేర్లు మాత్రం ఒక్కటి మరిచిపోయేవాడు కాదు. మరి వాటికి పేర్లు పెట్టింది తనే కదా. పెద్ద సమ్మెట సమ్సోను. ఇనుము పెట్టి కొట్టే దాగలి పేతురు, ఎన్ని దెబ్బలు తిన్నా కదలదని. పొట్టి సుత్తి జక్కయ్య. పొడుగు పటకారు మోషే కర్ర. కొలిమికి గాలి కొట్టే బ్లోయరు ఎప్పుడు మొరాయిస్తుందో, ఎప్పుడు అరుస్తుందో తెలియదు కాబట్టి దాని పేరు బిలాము గాడిద. నేను టైమాఫీసులో గుమాస్తాను, మంథని బాపనయ్యను, పేరు ఉమామహేశ్వర్. బైబిలు ఒక్క పేజీ కూడా చదవలేదు. అయినా అందులో ఎవరు ఎలాంటివారో సామ్యేల్ సామాను చూసే నేర్చుకున్నాను.

సామ్యేల్ తాత బొగ్గు తవ్వాడు, తండ్రి టబ్బులు తోశాడు, ఈయనకు కొలిమి దొరికింది. గడ్డపారలు సాగదీయడం, టబ్బుల కొక్కేలు అతకడం, పికాసులకు మొన పెట్టడం ఆయన డ్యూటీ. కాలనీ ఆడవాళ్లు పంపే కూరగాయల కత్తులు డ్యూటీ కాదు కానీ, వాటికే ఎక్కువ శ్రద్ధ. మనిషి పెద్ద కోపిష్టి. ఒకసారి ఎవరో వేడి చాయ్ గిన్నెను మోషే కర్రతో దించారని రెండు షిఫ్టుల వాళ్లతో మాట్లాడటం మానేశాడు. ఎవరు దించారో తెలియక అందరి మీదా అలిగాడన్నమాట. సమ్మెట కొట్టే నర్సింగం మధ్యవర్తిగా ఉండి, ఈయన మాటలు మాకు, మా మాటలు ఈయనకు మోసేవాడు.

ఏటా దసరాకు వర్క్‌షాపులో ఆయుధపూజ. పంతులును నేనే. మంథనిలో పుట్టినవాడికి వేదం నోటికి వస్తుందని మావాళ్ల గట్టి నమ్మకం. నాకు వచ్చేది సగం సంకల్పం, వినాయకుడి శ్లోకం ఒకటి. అవి అయిపోయినా ఎవరూ లేవకపోతే మళ్లీ మొదటి నుంచి చదువుతాను. ఇంతవరకు ఏ యంత్రమూ ఫిర్యాదు చేయలేదు.

ఆ పూజకు ఒక కట్టుబాటు ఉంది. సామానంతా కడిగి, వరుసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టాక మేకపోతును కోసేదాకా ఎవరూ ఆ సామాను ముట్టకూడదు. ముడితే ఆ ఏడాది గనిలో ఏదో ఒకటి కూలుతుందని భయం. పైకప్పు కింద నడుములు వంచి బతికేవాళ్లతో ఈ విషయంలో ఎవరూ వాదం పెట్టుకోరు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. సామ్యేల్ పూజకు రాడు. ముందురోజు సామాను కిరసనాయిలుతో తళతళా తుడిచిపెట్టి, పూజ సాగినంతసేపూ గడప బయట చేతులు కట్టుకుని నిలబడతాడు. జక్కయ్య కన్నంలోకి కుంకుమ పోనీయొద్దని మాత్రం నర్సింగానికి అక్కడి నుంచే కేకేస్తాడు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి రెండేళ్ల ముందు సంగతి ఇది. దసరా ఇంకా వారం ఉందనగా కొత్త ఇంజినీరు సారు కొలిమి ఎత్తేస్తున్నామని చెప్పాడు. కొక్కేలు, మొనలు అన్నీ పెద్ద వర్క్‌షాపు నుంచి తయారుగా వస్తాయట. సామ్యేల్‌కు పంపు దగ్గర కుర్చీ డ్యూటీ. సామాను తుక్కు కింద లారీ ఎక్కుతుంది. సామ్యేల్ ఇంజినీరు దగ్గరికి పోయి తన సామానును తనే కొనుక్కుంటానని అడిగాడు. తుక్కును విడిగా అమ్మే రూలు లేదన్నాడు సారు. సుత్తి ఒక్కటైనా ఇవ్వమన్నాడు. సుత్తి కూడా తుక్కేనన్నాడు సారు. మంచివాడే పాపం, రూలు దాటి ఒక్క అడుగు వేయడం ఆయనకు చేతకాదు. పూజ అయిన మర్నాడే లారీ వస్తుందని చెప్పి పంపేశాడు.

పూజనాడు పొద్దున్నే మేకపోతును తెచ్చి గడప బయట షెడ్డు మూలన కట్టేశారు. ఆ మూలన పంపు పైపు ముక్కలు పడి ఉన్నాయి, జానెడు పొడుగువి, పోత ఇనుమువి. ఒక ముక్కకు అవతల ఎవరో అరటి తొక్క పడేశారు. మేకపోతు దాని కోసం పైపులో తల దూర్చింది. వెనక్కి వంగిన కొమ్ములు లోపలికి జారిపోయాయి. తల అవతల తేలింది, తొక్క దొరికింది, నమిలింది. తర్వాత వెనక్కి లాక్కోబోతే కొమ్ములు అడ్డం తన్నాయి. ఇదంతా నేను కళ్లారా చూశాను. సామ్యేల్ కావాలనే దూర్చాడని తర్వాత పుకారు పుట్టించినవాళ్లు అప్పుడు పులిహోర దగ్గర ఉన్నారు.

నా శ్లోకం రెండోసారి అయిపోయింది. ఏటా మేకను కోసే ఫిట్టర్ పోశం కత్తి పట్టుకుని వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, నా ముఖం చూశాడు.

"మెడ యాడున్నది పంతులూ? కత్తి యాడ పెట్టాలె?"

నిజమే. ఇటు చూస్తే తల, అటు చూస్తే భుజాలు, మధ్యలో అంగుళం మందం ఇనుము. గోదావరిఖనిలో ఆ రోజు అంత భద్రంగా ఉన్న మేకపోతు ఇంకోటి ఉండదు. పైపు పగలగొట్టాలంటే ఉలి, సుత్తి కావాలి. అవి పూజలో ఉన్నాయి. పూజ ముగియాలంటే మేక తెగాలి. మేక తెగాలంటే పైపు పగలాలి. ఈ లెక్కను మావాళ్లు మధ్యాహ్నం దాకా తిప్పి తిప్పి చూశారు. ఎటు నుంచి మొదలుపెట్టినా మేక దగ్గరికే వచ్చింది.

యూనియన్ల వాళ్లు దిగారు. ఒక యూనియన్ గ్యాస్ కట్టర్ పెడదామంది. అదీ పూజలోనే ఉందని ఇంకో యూనియన్ గుర్తుచేసింది. పైగా కట్టర్ పెడితే మేక నిలబడ్డచోటే ఉడుకుతుంది. బజారు నుంచి సుత్తి తెద్దామని ఒకరన్నారు. పోత ఇనుమును మేక మెడ మీద పెట్టి పగలగొట్టే ధైర్యం ఫిట్టర్లలో ఎవరికీ లేదు. దెబ్బ తప్పి మేక చస్తే, చచ్చినదాన్ని అమ్మవారికి ఎలా ఇస్తారు? ఆ పని సామ్యేల్ ఒక్కడే చేయగలడు. సామ్యేలేమో పరాయి సుత్తి తన చేతికి పడదన్నాడు. గుమ్మడికాయ కొట్టి ముగిద్దామని నేనే ఒక మాట అన్నాను.

గడప బయట నుంచి జవాబొచ్చింది. "మొక్కింది మేకను గదా పంతులూ. అమ్మోరితోని మాట మార్చుడేంది? పూజల ఉన్న సామాను ముట్టొద్దు. అరిష్టం."

ఇన్నేళ్లలో పూజనాడు గడప దాటని మనిషి శాస్త్రం చెప్పేసరికి అందరూ నోళ్లు తెరిచారు. నాకు మాత్రం విషయం అప్పుడు వెలిగింది. పూజ ముగియకపోతే సామాను కదలదు. సామాను కదలకపోతే లారీ ఖాళీగా పోవాల్సిందే.

మర్నాడు లారీ వచ్చింది. ఒక్క కూలీ కూడా సామాను మీద చేయి వేయలేదు. ఇంజినీరు సారు నన్ను పిలిపించి, పూజకు ఏమైనా గడువు ఉంటుందా అని అడిగాడు. శాస్త్రంలో చూసి చెప్తానన్నాను. ఏ శాస్త్రమో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. తానే పోయి సుత్తి ఎత్తుదామని గడప దాకా వెళ్లాడు కూడా. అక్కడ షిఫ్టుకు దిగబోయే మనుషులంతా నిలబడి ఆయన చేతుల వంకే చూస్తున్నారు. సారు చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగి వచ్చాడు. లారీ డ్రైవరు బండి కింద చాప పరుచుకున్నాడు.

ఇక సామ్యేల్ కాపలా మొదలైంది. పంపు దగ్గర కుర్చీ డ్యూటీ వేస్తే, ఆ కుర్చీ తెచ్చి కొలిమి గడప బయట వేసుకున్నాడు. ఎవరైనా చెప్పులతో లోపలికి వస్తే అరిచేవాడు. నిమ్మకాయ ఎండితే కొత్తది తెచ్చి నర్సింగం చేత పెట్టించేవాడు. మేకపోతుకు తుమ్మ కొమ్మలు విరిచి తెచ్చి, పైపు అవతల తేలిన మూతికి అందించేవాడు. అది దర్జాగా తినేది. చూడటానికి ఊళ్లోంచి జనం రావడం మొదలైంది.

ఆదివారం సామ్యేల్ చర్చికి పోలేదు. మధ్యాహ్నం ఆయన భార్య మార్తమ్మ టిఫిన్ డబ్బాతో గేటు దాటి వచ్చి, అందరి ముందూ నిలదీసింది.

"దేవుని బిడ్డవు గాదా నువ్వు? అమ్మోరి పూజకు కావలి కూసున్నవేంది?"

సామ్యేల్ తలెత్తలేదు. తాను కాసేది పూజను కాదని, పేతురునని చెప్పాడు. మార్తమ్మ లోపల వరుసలో బొట్లు పెట్టుకుని కూర్చున్న సామాను వంక చాలాసేపు చూసింది. తిట్టడానికే వచ్చింది మనిషి. అన్నం కలిపి పెట్టి పోయింది.

పైపు బరువు మేక ఎన్నాళ్లు మోస్తుంది? మెడ ఒరుసుకుపోయింది. మొదట తల వంచి నిలబడింది, తర్వాత గడ్డం నేలకు ఆనించి పడుకుంది. సామ్యేల్ గోనెసంచి చింపి పైపు అంచుకు మెత్తగా కట్టాడు. కొబ్బరినూనె రాశాడు. రాస్తున్నంతసేపూ నా వైపు చూడలేదు. ఒకరోజు పొద్దున నేను టైమాఫీసు తెరవకముందే షెడ్డు వైపు పోతే, తుమ్మ కొమ్మ మేక మూతి ముందు అలాగే పడి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. సామ్యేల్ కుర్చీలో లేడు. మేక పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

నన్ను చూసి లేచాడు. చెప్పులు విప్పాడు. సామాను పూజలో ఉండగా ఆయన ఆ గడప దాటడం నేను చూసింది అదే మొదటిసారి.

"పంతులూ, నేను ముడుతున్న."

"ముడితే ఏమైతదో ఎరుకేనా సామ్యేలూ?"

"ఎరుకే. లారీ ఎక్కుతయి."

కుంకుమ ఎండిపోయిన పొట్టి సుత్తిని ఎత్తాడు. ఇంకో చేత్తో ఉలి. నర్సింగం పరుగున వచ్చి మేకను ఎత్తి, పైపు దాగలి మీద ఆనేలా పట్టుకున్నాడు. సామ్యేల్ మెడకూ పైపుకూ నడుమ సందులో గోనెగుడ్డ కుక్కి, ఒక్క గీత వెంబడి చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోయాడు. తలుపు తట్టినట్టు తట్టాడంతే. ఆ చప్పుడు విని షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు వచ్చి గుమిగూడారు. పూజ చెడుతోందని ఎవరికీ తోచలేదో, తోచినా నోరు రాలేదో. పైపును తిప్పి అవతలి వైపు మళ్లీ అదే గీత. చప్పుడు ఒకచోట మారింది. సామ్యేల్ ఆగి, ఇంకొక్కటి వేశాడు. పైపు రెండు చెక్కలై పడింది. మేకపోతు తల విదిలించి అరిచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లారీ డ్రైవరు చాప చుట్టేయడం అందరికీ కనబడింది. పోశం కత్తి తేవాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. సామ్యేల్ మేకపోతు మెడ మీద చేయి వేసి నిలబడ్డాడు.

"నా సామాను ఎట్లనో పోతున్నది. దీన్నన్న ఉండనియ్యుండ్రి."

నేను గుమ్మడికాయ తెమ్మన్నాను. నా జీవితంలో నేను నిఖార్సుగా చెప్పిన శాస్త్రం అదొక్కటే. ఈసారి సామ్యేల్ కాదనలేదు.

సామాను ఎక్కించేటప్పుడు కూలీలు విసిరేస్తారేమోనని నాకు బుగులైంది. విసరలేదు. ఒక్కొక్కటీ రెండు చేతులతో అందుకుని, పండబెట్టినట్టు పెట్టారు. దాగలిని నలుగురు మోశారు, ఒక పక్క సామ్యేలే పట్టాడు. అది లారీలో ఆనిన చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. చాటుకు పోయి ముక్కు చీదుకున్నాను. నర్సింగం చాటుకు కూడా పోలేదు, అక్కడే నిలబడి ఏడ్చాడు. చందా వేసుకుని కొన్న మేకపోతు తాడును పోశం తెచ్చి సామ్యేల్ చేతిలో పెట్టాడు.

షిఫ్టు అయ్యాక నేనూ సామ్యేల్‌తో పాటే గేటు దాకా నడిచాను. మాకు ముందు లారీ పోతోంది. గార్డు సదయ్య దానికి సెల్యూట్ కొట్టి గేటు బార్లా తెరిచాడు. లారీ దాటిపోయింది. ఆ వెంటనే సామ్యేల్‌ను ఆపి, కంపెనీ ఇనుము ఏమన్నా పోతోందేమో చూడాలి, చేతులెత్తమన్నాడు. రోజూ జరిగే తనిఖీయే, సదయ్య తప్పేమీ లేదు. సామ్యేల్ మేకపోతు తాడును పళ్లతో పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తాడు.