చాలు, చాలూ

మా మనవరాలు గ్రేసీకి ఆరేళ్ళు. ఆటిజం ఉన్న పిల్ల. మాటలు ఒక్కొక్కటే వస్తాయి. రెండు మాటలు కలిపి ఎప్పుడంటుందా అని ఏడాదిగా ఎదురుచూస్తున్నాం. ఉత్తరాదిన మేముంటున్న ఇందిరాపురంలోని స్పీచ్ థెరపీ మేడమ్ మొదటిరోజే నాకు ఆంక్ష పెట్టింది: "అంకుల్ జీ, పాపతో హిందీ ఒక్కటే. తెలుగు బంద్."

మా అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీ పడటంతో ఈ రోజు నేనే తీసుకెళ్ళాను. మేడమ్ ఏనుగు బొమ్మ చూపించి "యే క్యా హై?" అని పదిసార్లు అడిగింది. (ఏనుగంటే గుర్తొచ్చింది, చిన్నప్పుడు మా ఊరికి సర్కస్ వచ్చి... సరే, వదిలేయండి.) గ్రేసీ చెవులు మూసుకుని గట్టిగా అంది: "ఇక చాలు!"

హిందీలో చాలూ అంటే మొదలుపెట్టమని కదా! మేడమ్ మొహం వెలిగిపోయింది. "చాలూ? అచ్ఛా, చాలూ!" అంటూ మళ్ళీ ఏనుగును ఎత్తింది.

"అయ్యో మేడమ్, ఆపండి! తెలుగులో ఇక చాలు అంటే అబ్ బస్!" అన్నాను.

ఆవిడ ఏనుగును దించేసింది. "అంటే, రెండు మాటలు కలిపి చెప్పిందా! ఠీక్ హై గ్రేసీ, బస్." ఏనుగు డబ్బాలోకి పోయాక గ్రేసీ చెవుల మీంచి చేతులు తీసింది. "అంకుల్ జీ, ఇకనుంచి ఇంట్లో తెలుగు చాలూ!" అంది మేడమ్.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడకు ఒకటే గర్వం. నేను కథ ఎత్తుకున్నప్పుడల్లా తను అనే మాటే మరి అది! "నలభై ఏళ్ళుగా చెబుతున్నా మీకెక్కలేదు, దానికెక్కింది చూడండి," అంది. అన్నది ఆవిడే అయినా, అన్నిసార్లు అనిపించింది నేను కాదా? ఘనత ఎవరిదో మీరే తేల్చండి. నేనింకా వాదించేవాణ్ణే కానీ, గ్రేసీ చేతులు మళ్ళీ చెవుల మీదికి పోతున్నాయి.