నెగెటివ్ మీద కుంకుమ

2023 మే నెల. బిలాస్‌పూర్‌లో ఉదయం తొమ్మిది దాటితే షట్టర్ మీద చెయ్యి వెయ్యలేం, అంత ఎండ. రాయ్‌పూర్ రోడ్డు మీద నాకు బ్యాటరీల షాపు ఉంది, బండ్ల వైరింగ్ పనులు కూడా చేస్తాను. మా తాత విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడు. నాన్న రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్‌లో చేశాడు. నేను మాత్రం షెడ్ బయటే ఉండిపోయి, ఇరవై రెండేళ్లుగా ఇతరుల బండ్ల కింద దూరుతున్నాను. పనిలో నాకు కాస్త పొగరు ఉండేది. బ్యాటరీ చచ్చి ఆగిపోయిన బండిని పది నిమిషాల్లో లేపుతానని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఆ పొగరు దిగిన రోజు గురించి రాస్తున్నాను.

పదికి ఇంకా పది నిమిషాలున్నాయనగా సింహాచలం బాబాయ్ దారిలోంచి ఫోన్ చేశాడు, కారు ఆగిపోయిందని. ఆయన రిటైరైన లోకో పైలట్, మా నాన్న స్నేహితుడు, బిల్హాలో ఉంటాడు. ఆయన కొడుకు శ్రీను షెడ్‌లో టెక్నీషియన్‌గా చేస్తూ ఆరు నెలల కిందట గుండెపోటుతో పోయాడు. ఆ స్థానంలో కోడలు పార్వతికి ఉద్యోగం ఇవ్వడానికి ఆ రోజు బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో పరీక్ష. పదకొండింటికల్లా లోపల ఉండాలి. మొదటిసారి పిలిచినప్పుడు పిల్లకి జ్వరం వచ్చి వెళ్లలేకపోయింది. ఈసారీ రాకపోతే మళ్లీ పిలవరని గట్టిగా చెప్పారట.

లోకల్ రైలెక్కితే హాయిగా చేరిపోయేవాళ్లే. బాబాయ్ ఒప్పుకోలేదు. కొడుకు కారులోనే కోడలు ఆ ఆఫీసు ముందు దిగాలని ఆయన పట్టుదల. ఆరు నెలలుగా కదలని కారుని ఇరుగుపొరుగు వాళ్ల చేత తోయించి స్టార్ట్ చేశాడు. దారిలో రైల్వే గేటు పడింది. ముప్పై ఏళ్లు రైలు నడిపిన మనిషికి గేటు దగ్గర ఊరికే డీజిల్ కాలుస్తూ కూర్చోవడం నచ్చదు. ఇంజన్ ఆపేశాడు. గేటు లేచింది, కారు లేవలేదు.

స్కూటర్ మీద ఛార్జ్ చేసిన బ్యాటరీ ఒకటి, జంపర్ కేబుల్స్ వేసుకుని నేను అక్కడికి చేరేసరికి పదీ పావు. అక్కడి నుంచి ఊళ్లోకి పన్నెండు కిలోమీటర్లుంటుంది. కారుని రోడ్డు పక్కకి తోసి పెట్టారు. పార్వతి ఫైలుని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. బాబాయ్ మాటిమాటికీ చేతి గడియారం చూస్తున్నాడు.

"ఏటి రమణా, ఎంతసేపవుద్ది?" అన్నాడు.

నేను బానెట్ ఎత్తుతుండగా ఒక షేర్ ఆటో పక్కనే ఆగి, బిలాస్‌పూర్, బిలాస్‌పూర్ అని అరిచింది. ఒక సీటు ఖాళీగా ఉంది. పార్వతి అటు తిరిగింది. నేనే చెయ్యి ఊపి ఆటోని పంపేశాను. "అచ్ఛా, రెండు నిమిషాలమ్మా. అయిపోద్ది," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

జంప్‌స్టార్ట్ అంటే పెద్ద విద్యేం కాదు. మంచి బ్యాటరీ నుంచి చచ్చిన బ్యాటరీకి కాసేపు కరెంటు అరువివ్వడం. ఎర్ర కేబుల్ పాజిటివ్ నుంచి పాజిటివ్‌కి. నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొస బండి ఇంజన్‌లో ఏదో ఒక ఇనుప భాగానికి. ఇందులో పోలారిటీ, అంటే ఏది పాజిటివ్వో ఏది నెగెటివ్వో, తారుమారు కాకూడదు. ఆ కారులో రెండు తీగలూ నల్లగా జిడ్డు పట్టి ఉన్నాయి. ఒక టెర్మినల్ నిండా తెల్లటి పొడి పేరుకుంది. రెండోదాని మీద ఎర్రగా రంగు కనిపించింది. ఎర్రది పాజిటివ్ అనుకున్నాను. ఏది పాజిటివ్వో చూపించే మల్టీమీటర్ సంచిలోనే ఉంది, తీసి చూస్తే అర నిమిషం పని. వెనక నుంచి బాబాయ్ "పదిన్నర కావస్తంది" అన్నాడు. ఇంజన్‌లో ఇనుము వెతికే ఓపిక కూడా లేక, ఎర్ర క్లిప్పు ఆ ఎర్రదానికి, నల్ల క్లిప్పు పొడి పట్టినదానికి తగిలించేశాను.

ఫట్‌మని మెరుపు లేచింది. కేబుల్ లాగి పారేశాను కానీ అప్పటికే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేసింది. తెల్ల పొడిని గుడ్డతో తుడిచాను. దాని కింద ప్లస్ గుర్తు, దాని మీద కూడా ఎర్రటి మరక. అప్పుడు అర్థమైంది, అది రంగు కాదు, కుంకుమ. విశ్వకర్మ పూజ రోజున మా ఊళ్లో షెడ్‌లో మిషన్ల దగ్గర్నుంచి ఇంట్లో సైకిల్ దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. శ్రీను పోయే ముందు పూజకి బ్యాటరీ రెండు టెర్మినల్స్‌కీ పెట్టాడు. ఒకటి పొడి కింద కప్పబడిపోయింది, రెండోది నన్ను ముంచింది.

మెయిన్ ఫ్యూజ్ కాలిపోయింది. బండి కరెంటంతా దాని గుండానే పోతుంది. కొత్తది షాపులో ఉంది, నా దగ్గర లేదు. ఏం చెయ్యాలో తోచక ఆ కాలిన ఫ్యూజ్‌నే ఊరికే కదుపుతూ ఉండిపోయాను.

పార్వతి దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, కారుని ఒగ్గేయ్. నన్ను స్కూటర్ మీద దింపుతావా?"

ఆ ముక్క నాకు తోచలేదు. వచ్చిన దగ్గర్నుంచి నా కళ్లకి కారే కనబడింది.

బ్యాటరీ రోడ్డు మీదే దింపేసి ఆమెని ఎక్కించుకున్నాను. ముందు సిమెంటు లారీల వరస. ఎడం పక్కనుంచి మట్టిలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కి, ఎలా నడిపానో నాకే తెలియదు. ఆమె ఒక్కసారే టైమెంతయిందని అడిగింది. పదీ నలభై ఎనిమిది అయింది. నలభై అని చెప్పాను.

ఆఫీసు గేటు దగ్గర ఆగేసరికి పదకొండుకి రెండు నిమిషాలు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. గార్డు కాగితం చూసి లోపలికి వదిలాడు.

షాపులో ఫ్యూజ్ తీసుకుని వెనక్కి వెళ్లాను. బాబాయ్ ఆ ఎండలోనే నిలబడి ఉన్నాడు. సమయానికి అందిందని చెప్పగానే రోడ్డు పక్క రాయి మీద కూలబడి ఏడ్చేశాడు. "ఆడి బండి కూడా నన్ను ఒగ్గేసింది రా రమణా," అన్నాడు.

నేను ఊరుకుంటే ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఊరుకోలేకపోయాను. "బండి తప్పేం లేదు బాబాయ్. తిరగేసి తగిలించింది నేను. నా వల్లే పోయింది."

బాబాయ్ కళ్లు తుడుచుకుని, "గేటు కాడ ఇంజన్ ఆపినోణ్ణి నేను. రైలెక్కుతానంటే ఒద్దన్నోణ్ణీ నేనే," అన్నాడు.

ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా ఏ కారు, ఏ బ్యాటరీ అని ముందు అడగను. ఎక్కడికి వెళ్లాలి, ఎన్నింటికి చేరాలి అని అడుగుతాను. టైము లేకపోతే ముందు మనిషిని ఆటో ఎక్కించమంటాను, బండి సంగతి తర్వాత. బానెట్ ఎత్తాక మాత్రం మల్టీమీటర్ పెట్టకుండా కేబుల్ ముట్టుకోను. ఇరవై రెండేళ్ల పనిలో నేను చివర నేర్చుకున్నది ఇదే, మొదట నేర్చుకోవాల్సిందీ ఇదే.

పార్వతికి ఉద్యోగం వచ్చింది. శ్రీను చేసిన షెడ్‌లోనే. మరుసటి ఏడు విశ్వకర్మ పూజకి ఆ కారు తానే నడుపుకుంటూ, కుంకుమ భరిణెతో షాపుకి వచ్చింది. ఎక్కడ పెట్టమంటావు అన్నయ్యా అని నవ్వింది. బానెట్ మీదే పెట్టమ్మా, లోపల వద్దన్నాను. పెట్టింది. తర్వాత నా సంచిలోంచి మల్టీమీటర్ తీసి దానికీ ఒక బొట్టు పెట్టింది.