మూసిన పుస్తకాన్ని అడిగిన మొదటి వచనం

మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు వచనం చెప్పగానే, ముందు వరుసలో ఒక పెద్దావిడ బైబిలు పుస్తకం తెరిచింది. ఇప్పుడు అందరం ఫోన్లలోనే చూస్తున్నాం కాబట్టి, ఆ పల్చటి కాగితాల సరసర విని చాలా కాలమైంది. వినగానే సుగుణక్క గుర్తొచ్చింది.

సుగుణక్క మా సండేస్కూలు టీచరు. తర్వాత నేను నరసరావుపేటలో ఇంజనీరింగులో చేరితే, అక్కడి కంప్యూటర్ ల్యాబులో పాఠం చెప్పిందీ ఆమే. సంఘంలో అక్క, ల్యాబులో మేడం. సండేస్కూల్లో వచనాలు తీసే పోటీ పెట్టేది. పుస్తకం మూసి నెత్తిమీదికి ఎత్తి పట్టుకోవాలి. ఆమె అధ్యాయం, వచనం చెప్పి "తీయండి" అన్నాకే తెరవాలి. ఎప్పుడూ నేనే ముందు.

ల్యాబులో మాత్రం వెనకే. ప్రోగ్రామింగ్ పరీక్ష ఒకసారి తప్పాను. నడికుడిలో రైలు పట్టాల పని చేసే మా నాన్న, "ఈసారీ పోయిందంటే చదువు చాలమ్మా, మీ పిన్ని దగ్గర మిషన్ కుట్టడం నేర్చుకో" అన్నాడు. అన్నాడంటే చేస్తాడు.

ఆ రోజుల్లోనే పాఠంలో పేరులేని ఫంక్షన్లు వచ్చాయి. మామూలు ఫంక్షన్‌కి, అంటే ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్కకి, పేరు పెట్టి, కావలసినప్పుడు ఆ పేరుతో పిలుస్తాం. వీటికి పేరుండదు, రాసిన చోటే పిలిచి పని చేయించుకోవచ్చు. స్టేషన్ పేరు అందిస్తే రైళ్ల జాబితా ఇచ్చే ఫంక్షన్ రాసి, అందులో మొదటి బండి చూపించమంది మేడం. నేను ఫంక్షన్ రాసి, దాని తోకకే మొదటిది కావాలని తగిలించాను. తెరమీద తప్పని చెప్పే ఎర్ర అక్షరాలు. నాలుగుసార్లు అదే.

"ఏందే కరుణా, మొదటి బండి ఎవర్ని అడుగుతున్నావ్?"

"ఫంక్షన్నే మేడం."

"ఏ స్టేషనో దానికి చెప్పావా? పుస్తకం మూసి నెత్తిన పెట్టుకుంటే మొదటి వచనం చదవగలవా నువ్వు?"

"తెరవాలిగా మేడం."

"తెరిపించు మరి. స్టేషన్ పేరిచ్చి పిలువు. అది జాబితా ఇస్తుంది. అప్పుడు ఆ జాబితాని అడుగు."

పిలిచాను. ఒకటి అని రాస్తే రెండో బండి వచ్చింది. "వచనాలు ఒకటి నుంచే, వీటి లెక్క సున్నా నుంచి. నువ్వెక్కింది రెండో బండి, దిగు" అని నవ్వింది.

పరీక్షలో అలాంటిదే పడింది. విద్యార్థి పేరు ఇస్తే మార్కుల జాబితా రావాలి, అందులో మూడోది చూపించాలి. మళ్ళీ ఎర్ర అక్షరాలు. గుమ్మం దగ్గర సుగుణక్క నిలబడి ఉంది. ఆమె వైపు చూశాను. నన్ను చూసి కూడా కిటికీ వైపు తిరిగిపోయింది. కళ్ళు మూసుకుని ప్రార్థించాను. సండేస్కూలు పోటీలోలా, నెత్తిమీద మూసిన పుస్తకం బరువు చేతులకు తెలిసింది. "తీయండి" అనే మాట నేనింకా అనలేదు! ఫంక్షన్‌కీ చివరి అంకెకీ మధ్య విద్యార్థి పేరుతో పిలుపు చేర్చాను. అంకె ఈసారి రెండు అని రాశాను. తెరమీద జాబితాలోని మూడో మార్కు వచ్చింది.

బయటికొచ్చాక కోపంగా అడిగాను: "ఒక్క సైగ చేస్తే ఏం పోయేదక్కా?"

"సైగ చేస్తే పాసయ్యేది నేనేగదే, నువ్వు కాదు. కిటికీ వైపు తిరిగి ఏం చేస్తున్నా అనుకున్నావ్? ప్రార్థన. నీ పేరు చెప్పి అడిగా."

ఆ పరీక్ష పాసయ్యాను. ఆ రోజుదాకా ప్రార్థనలో "ప్రభువా, అందర్నీ చల్లగా చూడు" అని ఒక్క ముక్కలో ముగించేదాన్ని. ఆనాటి నుంచి ముందు పేరు పలుకుతాను, తర్వాతే అడుగుతాను. మొన్న ఆ సరసర వినగానే కళ్ళు మూసుకున్నాను. సుగుణక్క ప్రభువు దగ్గరికి వెళ్ళి రెండేళ్ళయింది, ఆమె కోసం ఇంక అడగవలసిందేమీ లేదు. అయినా పేరు పలికాను. పలికి, కృతజ్ఞత చెప్పుకున్నాను.