ఎండిన టవల్

మా బావ, అంటే మా అక్క భర్త, పోయిన నెల చనిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. గుండెపోటు అన్నారు. పేపరు విలేకరిని, చావు వార్తలు రాయడం నా వృత్తి. ఆయన గురించి మాత్రం నాలుగు లైన్లు దాటలేకపోయాను. దుఃఖం ఒక్కటే కారణం కాదు. ఆయనంటే నాకు అసూయ. అది కూడా రాస్తేనే ఇది నిజమవుతుంది.

బావ వజ్రకరూరు వైపు గాలిమరలు నిలబెట్టే కాంట్రాక్టర్ల దగ్గర సేఫ్టీ ఆఫీసరు. ఏ పని ఎలా చేస్తే మనిషికి దెబ్బ తగలదో ముందే ఆలోచించి కాగితం మీద పెట్టడం ఆయన ఉద్యోగం. పాత కాగితంలో ఊరి పేరు మార్చి సంతకం చేసేవాళ్లను నేను చూశాను. బావ కూలీల మధ్య కూర్చునేవాడు. "ఎట్ల చేయాలో నాకు తెలుసప్పా. మీరు ఎట్ల చేస్తాండారో అది చెప్పండి" అనేవాడు. పొద్దున పని మొదలయ్యే ముందు రాసింది చదివి, తప్పు పట్టమనేవాడు. పట్టినవాళ్ల పేరు కాగితం అడుగున రాసేవాడు. ఆ పేరు కోసం జనం పోటీ పడేవాళ్లు.

ఒక రోజు నేనూ ఉన్నాను. గాలిని కొలిచే మీటరు క్రేన్ క్యాబిన్‌లో ఉంటుంది, పైకి లేచే రెక్క ఊగకుండా కింద తాళ్లు పట్టేవాళ్లకు కనపడదు. అందుకని గడకు టవల్ కట్టాలని, అది అడ్డంగా ఎగిరితే ఎవరైనా సరే పని ఆపమనవచ్చని రాశాడు. సామాన్లు అందిస్తూ, తాడు కూడా పట్టే ఓబులమ్మ లేచింది.

"తడి టవల్ యాడ ఎగుర్తాది సార్? మనోళ్లు మొగం తుడుచుకొని అదే కడతారు."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. 'టవల్' ముందు 'ఎండిన' అని చేర్చి, అడుగున ఓబులమ్మ పేరు రాశాడు.

ఒక వాక్యం మరీ పొడుగైందని నేనన్నాను. సరిచేశాడు.

"నా పేరు రాయవా బావా?"

"తాడు పడతావా బామ్మర్దీ? పట్టేటోళ్ల పేర్లే ఈడ."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. పేపర్లో రోజూ నా పేరు అచ్చవుతుంది. ఆ కాగితం మీద లేదన్న సంగతి మాత్రం ముల్లులా ఉండిపోయింది.

మొదటి మరకు చివరి రెక్క ఎక్కించే రోజు ఫొటో కోసం వెళ్లాను. రెక్కను లేపబోతుండగా టవల్ అడ్డంగా ఎగిరింది. ఓబులమ్మ "ఆపండి" అని అరిచింది. క్రేన్ ఆగింది.

"మీటరు ఇంకా హద్దులోనే ఉండాది కదన్నా!" అన్నాడు కాంట్రాక్టరు.

నేనూ ఊరుకోలేదు. "ఒక్క రెక్కే కదా బావా, ఎత్తనీ. రేపటి పేపర్లో రావల్ల."

"నీ ఫొటో ఎల్లుండి వస్తాది. తాడు పట్టినోడు ఈ పొద్దే ఇంటికి పోవల్ల."

రెక్క నేల మీదే ఉండిపోయింది. సాయంత్రానికి గాలి ముదిరి దుమ్ము లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాకు వార్త లేదు. బస్సులో తిరిగొస్తుంటే తెలిసింది, నేను రాసేదంతా జరిగిపోయాక రాసేదే. ఆయన జరగకముందు రాశాడు. నా రాత వల్ల ఒక మనిషైనా ఇంటికి చేరాడని నేను చెప్పలేను.

కర్మ అయ్యాక బావ హెల్మెట్ అప్పగించడానికి సైటుకు వెళ్లాను. పొద్దున్నే మేస్త్రి ఆ కాగితమే చదువుతున్నాడు. "అనుమానమొస్తే నాకు ఫోన్ చేయండి" అన్న చివరి లైను, దాని పక్కనున్న నంబరు కూడా చదివేశాడు.

"ఆ నంబరు తప్పు. ఫోను మా అక్క బీరువాలో ఉంది. ఎత్తేవాళ్లు లేరు" అన్నాను.

మేస్త్రి దాన్ని కొట్టేశాడు. కొత్త ఆఫీసరు తన నంబరు వేశాడు. తర్వాత మేస్త్రి పెన్ను నా చేతికిచ్చాడు.

"తప్పు పట్టినారు కద సార్. పేరు రాయండి."

ఓబులమ్మ పేరు కింద ఖాళీ ఉంది. ఇన్నాళ్లుగా నేను కోరుకున్న చోటు అదే. పెన్ను కాసేపు పట్టుకుని తిరిగిచ్చేశాను. నేను తాడు పట్టను.

ఓబులమ్మ సంచిలోంచి టవల్ తీసింది. రెండు చేతులతో పిండి చూసి, తడి లేదని తేల్చుకుని గడకు కట్టింది. గాలి లేదు. టవల్ కిందికి నిలువుగా వేలాడుతోంది. తాళ్లు చేతుల్లోకి తీసుకుంటూ అందరూ దానివైపే చూస్తున్నారు.