ఎండలో పెట్టిన టీవీ

మెడకు టై బిగిస్తే లోకంలోని తెలివంతా దానంతటదే బుర్రకెక్కుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. డిగ్రీ ఎలాగో గట్టెక్కించి నరసరావుపేటలో ఒక టీవీల షోరూములో చేరాను. చేరడమంటే పూర్తిగా చేరడం కూడా కాదు, మూడు నెలలు చూసి ఉంచుకోవాలో పంపించాలో చెబుతామన్నారు. ఆ ముక్క మా అమ్మకి చెప్పాను గానీ ఆవిడ చెవిన వేసుకోలేదు. మావాడు టీవీ ఇంజనీరయ్యాడని వీధి వీధంతా చెప్పొచ్చింది. (మా ఇంట్లో ఉన్న డబ్బా టీవీ నెత్తిన రెండు దెబ్బలేస్తే తప్ప బొమ్మ వచ్చేది కాదు. ఆ దెబ్బలు వేసేవాణ్ణి నేనే కాబట్టి ఆవిడ మాట పూర్తిగా అబద్ధమనీ చెప్పలేను.) ఇక ఆ ఉద్యోగం పోతే నేను జవాబు చెప్పుకోవలసింది మేనేజరుకి కాదు, మా వీధికి.

షోరూము నట్టనడుమ ఒక పెద్ద ఓలెడ్ టీవీ ఉండేది. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటో దిగి, పక్కనున్న చిన్న టీవీ ఏదో కొనుక్కుని పోయేవాళ్ళు. మేనేజరుగారు మొదటిరోజే నన్ను దాని ముందు నిలబెట్టి, మూడు నెలల్లో దీన్ని అమ్మితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే నీ ఇష్టం అన్నారు. (అందులో నా ఇష్టమేమీ లేదని అర్థమైంది.) ఇక నేను చదివిన చదువు డిగ్రీలో చదివుంటే ఫస్టుక్లాసు వచ్చేది. ఓలెడ్‌లో తెర మీది ప్రతి చుక్కా సొంతంగా వెలిగే దీపం. నలుపు కావలసిన చోట ఆ దీపమే ఆరిపోతుంది, అందుకని నలుపు కాటుకలా ఉంటుంది. దాని పక్కనున్న క్యూలెడ్‌లో బల్బులు వెనకాల ఉంటాయి, ముందు రంగుల పొర ఉంటుంది. వెలుగు దండిగా ఉంటుంది గానీ, నలుపు కాస్త బూడిదరంగులోకి తిరుగుతుంది. ఈ తేడా అద్దాల షోరూములో ఎవరికీ కనపడటం లేదని, కోర్టు దగ్గర ప్లీడర్ల కోట్లు కుట్టే దర్జీ భాయ్‌ని బతిమాలి మిగిలిన నల్లగుడ్డంతా తెచ్చి, గోడౌను మూలన ఒక చీకటిగది కట్టాను. ఓలెడ్‌ని అందులో పెట్టి, నక్షత్రాల ఆకాశం వీడియో వేసి, జనాన్ని ఒక్కొక్కరినే లోపలికి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. అందరూ ఆహా అనేవాళ్ళు, బయటికొచ్చి చిన్న టీవీ కొనేవాళ్ళు.

గడువు ఇక మూడు రోజులుందనగా మా వీధి చివరుండే పత్తి బాబాయి, పిన్నిని వెంటబెట్టుకుని వచ్చాడు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటినుంచీ అలా పిలవడమే. ఆయన రైతుల దగ్గర పత్తి కొని మిల్లులకు వేస్తాడు. పత్తి చూడటంలో ఆయనకో పద్ధతుంది. గుప్పెడు దూది తీసుకుని, కొట్టులో చూడకుండా నేరుగా ఎండలోకి నడిచి చూస్తాడు. అప్పటికీ నమ్మకుండా, మూటలోకి చంక దాకా చెయ్యి దూర్చి అడుగునున్న పత్తి లాగి చూస్తాడు. పైన మల్లెపూవులాంటిది పరిచి అడుగున తడిసింది కూరేవాళ్ళని ఆయన చానామందిని చూశాడు. కొత్తగా కట్టిన ఇంటి హాల్లోకి ఊళ్ళో ఎవరికీ లేనంత మంచి టీవీ కావాలన్నాడు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

చీకటిగదిలో నేను చెప్పిన పాఠం ఇప్పటికీ నాకు గుర్తే. ప్రతి చుక్కా దీపమన్నాను, కాటుక నలుపన్నాను. నక్షత్రాలు చూసి పిన్ని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. నేను మనసులోనే పర్మినెంటయిపోయి, అమ్మకి చీర కూడా ఎంచేశాను. బాబాయి అంతా శ్రద్ధగా విని తలూపాడు.

"బాగుందిరా అబ్బాయ్. ఇక ఎండలోకి పట్రా, చూద్దాం."

టీవీలు ఎండలో చూసేవి కావని చెప్పాను. చీకట్లో చూసి సరుకు కొనుంటే తన యాపారం ఎన్నడో మునిగేదని, షోరూములో ఉన్న ఆ రెండోదాన్ని కూడా పక్కనే పెట్టమని ఆయన చెప్పాడు. మేనేజరుగారి మొహంలో రంగులు మారాయి, కానీ ఆ ఓలెడ్‌ని కొనే ఉద్దేశంతో చూసిన మొదటి మనిషి ఆయనే. నలుగురం కలిసి, అప్పడాన్ని మోసినంత జాగ్రత్తగా దాన్ని ముందు వరండాలోకి మోసుకొచ్చాం. వెనకే క్యూలెడ్ వచ్చింది. పడమటి ఎండ సూటిగా పడుతోంది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి, ఏదో వేలంపాట అనుకుని జనం మూగారు.

ప్లగ్గు పెట్టాం. క్యూలెడ్‌లో బొమ్మ కాస్త వెలిసినట్టున్నా కనపడింది. ఓలెడ్‌లో నా నక్షత్రాలన్నీ మాయమై వాటి చోట నరసరావుపేట కనపడింది. ఆటోలు, బజ్జీలబండి, మూగిన జనం, అందరికీ ముందు టై పక్కకు తిరిగి చెమటలు కక్కుతున్న నేను. పిన్ని అందులో చూసుకుని జడలో పూలు సర్దుకుంది. కిటికీలు మూసి కర్టెన్లు వేసుకుంటే దీనికి సాటి లేదని నేను గబగబా అందుకున్నాను. పట్టపగలు తలుపులేసుకుని టీవీ చూస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారని పిన్ని అడిగింది. వాళ్ళ వాకిలి పొద్దున తీస్తే మళ్ళీ పడుకోబోయేముందే మూసేది.

అప్పుడు బాబాయి నా భుజం మీద చెయ్యేశాడు.

"పైనున్నది చూపించావు. అడుగున ఏముందో చెప్పు."

ట్రైనింగులో ఒక సంగతి చెప్పి, కస్టమరు అడిగితే తప్ప ఎత్తొద్దన్నారు. ఈయన అడిగాడు. షోరూము అద్దం అవతల మేనేజరుగారు కళ్ళు పెద్దవి చేస్తున్నారు. దాపరికమెందుకు, అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన నన్ను చూసిన చూపు, మూటలోకి చెయ్యి దూర్చేటప్పటి చూపే. నేను తడిసిన పత్తినని తేలితే ఆ తరవాత వీధిలో తలెలా ఎత్తుకోవాలనిపించింది.

"రోజంతా ఒకటే చానెల్ పెడితే, ఆ మూలనుండే గుర్తు తెర మీద మచ్చలాగా ఉండిపోవచ్చు బాబాయ్."

వాళ్ళింట్లో పొద్దున్నించీ పడుకునేదాకా ఒకటే వార్తల చానెలంది పిన్ని. అయితే మీకు ఇది వద్దు, ఆ రెండోదే తీసుకోండన్నాను. అనేశాక నా గొంతు నాకే కొత్తగా వినపడింది. క్యూలెడ్ ఆటో ఎక్కింది, ఓలెడ్ మళ్ళీ చీకటిగదికి వెళ్ళింది.

రెండు రోజులు మేనేజరుగారు నన్ను షోరూములోకి రానివ్వక గోడౌనులోనే ఉంచారు. మూడోనాడు టై విప్పి జేబులో పెట్టుకుని నేనే ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆయన, నిన్నటినుంచీ పత్తి మిల్లుల తాలూకు మనుషులు నలుగురొచ్చారనీ, నలుగురూ అడుగు కూడా చూపించే కుర్రాడేడని అడిగి మరీ పెద్ద టీవీలు రాయించుకుని వెళ్ళారనీ చెప్పారు. బాబాయి ఫోను కూడా చేశాడట.

"వాణ్ణి తీసేయబాకండి సార్. అడుగుదాకా చెయ్యి పెట్టి చూశా, సరుకు మంచిదే."

టై కట్టుకోమన్నారు. కట్టుకుని వెంటనే పనిలోకి దిగాను. ఆ పూట మా అమ్మకి జరిగిందంతా చెబితే, ఇంజనీరన్నాక ఆమాత్రం తెలీదా అని పప్పు కలిపి పెట్టింది.

ఓలెడ్‌ని మాత్రం ఎవరూ కొనలేదు. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాత షోపీసులు తగ్గింపు ధరకి తీసేస్తుంటే, నేనే దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ షోరూముకి మేనేజరుని నేనే. మినీ ఎల్ఈడీలనీ ఇంకేవో అనీ కొత్తవి చాలా వచ్చాయి, అన్నిటినీ ముందు వరండాలో పెట్టి చూపిస్తాను. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే నేను మా అమ్మకి మాత్రం చెప్పలేకపోయాను. రోజంతా ఒకటే సీరియళ్ళ చానెల్ పెట్టి, ఆవిడ తెర మూలన మచ్చ తెప్పించనే తెప్పించింది. రోజూ తడిగుడ్డతో దాన్ని తుడుస్తుంది, పోదు. "టీవీ ఇంజనీరువి, ఈ మచ్చ పోగొట్టలేవా, ఏందిరా?" అని నన్నే తిడుతుంది.

ఆదివారం సాయంత్రాలు పడమటి కిటికీలోంచి ఎండ పడి, ఆపేసిన ఆ టీవీ అద్దమైపోతుంది. అందులో పొట్ట పెరిగి, తొందరపడి చెంపలు నెరిసిన పెద్దమనిషి ఒకడు కూర్చుని ఉంటాడు. ఒకే బొమ్మ ఎక్కువసేపు నిలబడితే దాని మచ్చ తెర మీద ఉండిపోతుందని చెప్పినవాణ్ణి నేనే కదా. ఆవేళ వరండాలో టై పక్కకు తిరిగి, చెమటలు కక్కుతూ దాని ముందు నిలబడ్డ కుర్రాడు కూడా ఎక్కడో ఓ మూల అంటుకుని ఉంటాడని, నేను ఇంకా వెతుకుతుంటాను.