వేలు లోతు తడి

వాన కబురు ఎవరికైనా చదివి వినిపించాలంటే నాకిప్పటికీ భయమే.

పట్నంలో, నాచారం ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ మీద పనిచేసిన ఒకన్నకు ఓ అలవాటుండేది. వాన వెలిస్తే చాలు, గేటు పక్క మట్టిలో చూపుడువేలు గుచ్చి ఎంత లోతు తడిసిందో చూసేవాడు. వేలి కొస మాత్రమే తడిస్తే పెదవి విరిచేవాడు. జనగామ వైపు పల్లెలో ఆయనకు బోరు లేని, వాన మీదే ఆధారపడ్డ రెండెకరాల చెల్క భూమి ఉంది.

ఆ ఎండాకాలం చివర, వానాకాలం అంచనాను ఫోన్‌లో నేనే చదివి వినిపించాను. రాష్ట్రంలో ఈసారి మామూలు కంటే ఎక్కువ వానలట. ఆయన వెంటనే ఊళ్లో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"వాన కోసం సూడకు. పొడి దుక్కిలనే పత్తిగింజలు పెట్టియ్యి."

జూన్ సగం దాటినా అక్కడ చినుకు లేదు. ఆయన నాతో మాటలు తగ్గించాడు. ఒక మధ్యాహ్నం నాచారంలో కుండపోతగా కురిసింది. పూర్తిగా తగ్గకముందే పరుగెత్తి వేలు గుచ్చాడు. మొత్తం దిగింది. ఆ బురద వేలితోనే ఫోన్ నొక్కాడు.

"ఈడ మస్తు కొట్టింది. జర చెల్కల వేలు పెట్టి సూడు."

"ఏడ పెట్టాలె? అంతా దుమ్మే. గింజలు మాడినయ్," అంది ఆమె. స్పీకర్‌లో నాకూ వినబడింది.

నా మీద అరుస్తాడనుకున్నాను. వేలు ప్యాంటుకు తుడుచుకుని, మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నువ్వు సదివినదాంట్ల మా ఊరి పేరు ఉండెనా?"